రిక్ రైట్ వెంట నడుస్తూ విన్న ‘విష్ యూ వర్ హియర్’

పింక్ ఫ్లాయిడ్ బృందం ‘విష్ యూ వర్ హియర్’ ఆల్బమ్ గురించి ఎవరు రాసినా సిడ్ బారెట్ ప్రస్తావనతోనే మొదలుపెడతారు, అందులో తప్పేమీ లేదు. బృందానికి ఆ పేరు పెట్టినవాడు, తొలినాటి పాటల్లో ఎక్కువభాగం రాసినవాడు, మానసిక ఆరోగ్యం దెబ్బతిని 1968లో బృందానికి దూరమైనవాడు ఆయన. 1975 సెప్టెంబరులో వెలువడిన ఈ ఆల్బమ్‌లో మొదటా చివరా రెండు ముక్కలుగా పరుచుకున్న సుమారు 26 నిమిషాల ప్రధాన రచన ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’ ఆయనను ఉద్దేశించినదే. ఇన్నేళ్లూ నేనూ దీన్ని ఆ కథ గుండానే విన్నాను. ఈమధ్య చాలాకాలం తర్వాత వరసగా నాలుగు రాత్రులు విన్నాక మాత్రం నాలో ఒక అభిప్రాయం గట్టిపడింది. ఈ ఆల్బమ్‌ను మోసినవాడు కీబోర్డు వాయించిన రిచర్డ్ (రిక్) రైట్ అనీ, దీని గురించి మాట్లాడుకునేటప్పుడు మనం ఆయనకు ఇచ్చే చోటు ఆయన చేసిన పనికి ఏమాత్రం తూగదనీ ఇప్పుడు నాకు అనిపిస్తోంది. ఈ మాట డేవిడ్ గిల్మర్ గిటార్‌ను ఆరాధించేవారికి రుచించదని తెలుసు. నేనూ ఆ ఆరాధకుల్లో ఒకణ్ణే కనుక కాస్త చనువు తీసుకుంటున్నాను.

మొదటిసారి విన్నది పందొమ్మిదేళ్ల వయసులో, మిత్రుడి దగ్గర అడిగి తెచ్చుకున్న ఒక క్యాసెట్‌లో. ఆ వయసులో నాకు కావలసింది ఒకే ఒక్క పాట, ఆల్బమ్ పేరే తన పేరుగా ఉన్న ఆ నాలుగో పాట. దాన్ని పట్టుకోవడానికి టేపును ముందుకు తిప్పడం, దాటిపోతే వెనక్కి తిప్పడం, మళ్ళీ అంచనా తప్పడం, ఇదే నా శ్రవణం. మొదటి పక్క మొదలైన ఎనిమిదిన్నర నిమిషాల దాకా ఎవరూ నోరు విప్పకపోవడం అప్పట్లో నాకు పొగరుగా తోచింది. వినేవాడి సమయమంటే వీళ్ళకు లెక్కలేదని మిత్రుడితో వాదించాను కూడా. అతను జవాబు చెప్పకుండా క్యాసెట్ తిరిగి అడిగి తీసుకున్నాడు, బహుశా అదే సరైన జవాబు.

ఇప్పుడు ఆ ఎనిమిదిన్నర నిమిషాలే నాకు ఆల్బమ్‌లో అన్నిటికన్నా విలువైన భాగం. అసలు అక్కడ ఏం జరుగుతోందో కొంచెం నిదానంగా చెప్పాలి. ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’ మొదట్లో నిశ్శబ్దంలోంచి ఒక జి మైనర్ స్వరసముదాయం పొగమంచులా పైకి తేలుతుంది. అందులో సింథసైజర్ల తీగవాద్యధ్వని ఉంది, దాని అడుగున గాజు గ్లాసుల అంచులను తడివేలితో రాస్తే పుట్టే సన్నని నాదం కూడా ఉంది. ఈ గ్లాసులకు ఒక పూర్వకథ ఉంది. 1973లో వచ్చిన ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఊహించనంత విజయం సాధించాక, తర్వాత ఏం చేయాలో తోచక, ఇంట్లో దొరికే వస్తువుల చప్పుళ్ళతోనే ఒక ఆల్బమ్ తయారుచేయాలని ఈ నలుగురూ కొన్ని వారాలు కుస్తీపట్టి చివరికి చేతులెత్తేశారు. ఆ విఫలప్రయత్నంలోంచి పనికొచ్చినదిగా మిగిలినది ఈ గాజునాదం. శ్రద్ధగా వినకపోతే అది అక్కడ ఉందని కూడా తెలియదు. గొప్ప కీర్తి వచ్చిన వెంటనే మనుషులు ఎంత ఖాళీ అవుతారో చెప్పడానికి ఇంతకంటే సరైన ధ్వనిని కావాలని వెతికినా దొరికేది కాదేమో.

ఆ పొగమంచు మీద మినీమూగ్ సింథసైజర్‌తో రైట్ వాయించే నెమ్మదైన పలుకులు కొమ్ముబూర ధ్వనిని తలపిస్తాయి. రెండు నిమిషాలు దాటాక గిటార్ వస్తుంది. నాలుగో నిమిషం దగ్గర అన్నీ ఆగిపోయి, గిటార్ మీద నాలుగే నాలుగు స్వరాలు వినిపిస్తాయి. పాశ్చాత్య లెక్కలో అవి బి ఫ్లాట్, ఎఫ్, జి, ఇ. జి ని షడ్జమంగా తీసుకుని మన లెక్కలో చెప్పుకుంటే సాధారణ గాంధారం, కైశికి నిషాదం, షడ్జమం, చతుశ్రుతి ధైవతం. అప్పటిదాకా నడిచిన మైనర్ ఛాయ వల్ల చెవి శుద్ధ ధైవతానికి సిద్ధపడి ఉంటుంది, వచ్చినది మాత్రం ఒక మెట్టు పైన ఉన్న ధైవతం. ఎవరో తెలిసినవారు ఎదురై, పలకరించేలోపే వారు కాదని తెలిస్తే మనసు ఒక్క క్షణం ఎలా తడబడుతుందో ఆ నాలుగో స్వరం దగ్గర నాకు ప్రతిసారీ అలాగే ఉంటుంది. ఈ స్వరాలు గిల్మర్ యథాలాపంగా మీటినవనీ, వాటిలోని విషాదమే బృందంలో బాస్ గిటార్ వాయిస్తూ పాటలు రాసే రోజర్ వాటర్స్‌ను బారెట్ గురించి రాయడానికి కదిలించిందనీ బృందసభ్యులే చెప్పారు. కనుక ఈ రచనకు విత్తనం గిల్మర్‌దే, దాన్ని కాదనే ఉద్దేశం నాకు లేదు.

అయితే ఆ స్వరాలు అంతగా గుచ్చుకోవడానికి కారణం వాటికి ముందు నాలుగు నిమిషాలపాటు ఎవరో ఒక గదిని కట్టి, దీపం తగ్గించి, తలుపు దగ్గరగా వేసి ఉంచడం. ఆ పని రైట్‌ది. రెండో రాత్రి నేను పట్టుదలగా ఒక్క కీబోర్డునే వెంబడించాను. గిటార్ ఎంత పిలిచినా అటు చెవి తిప్పకూడదని నియమం పెట్టుకున్నాను, అది అనుకున్నంత సులువు కాదు. అలా వింటే తెలిసింది ఏమిటంటే, గిల్మర్ ఒక పలుకు ముగించి ఊపిరి తీసుకునే ప్రతిచోటా కింద ఒక స్వరసముదాయం మారుతోంది. ఆ మార్పు వల్లనే తర్వాతి పలుకుకు వేరే అర్థం వస్తోంది. గిటార్ మాట్లాడుతుంటే కీబోర్డు వింటోంది, వింటూనే మాట ఎటు పోవాలో నిర్ణయిస్తోంది. తొమ్మిది భాగాలుగా సాగే ఈ రచనలో మూడో భాగం మొదట్లో మినీమూగ్ మీద ఆయన ఏకవాద్యం ఒకటి ఉంది. ఇన్నేళ్లలో దాన్ని నేను రెండు గిటార్ ఘట్టాల మధ్య వంతెనగానే లెక్కవేశాను. నిజానికి ఆ వంతెన మీదే కాసేపు ఆగి నిలబడవలసింది.

ఆ తర్వాత వాటర్స్ గొంతు వస్తుంది. అంతసేపు ఆగాక వచ్చే ఆ గొంతులో ఒక వింత ఉంది. అది శ్రోతతో మాట్లాడదు, గదిలో లేని మనిషిని ‘నువ్వు’ అని పిలుస్తుంది. ఆ పిలుపు అంత ఆలస్యంగా రావడాన్ని పందొమ్మిదేళ్లప్పుడు పొగరనుకున్నాను కానీ, దూరమైన స్నేహితుడికి ఉత్తరం రాయాలని కూర్చుంటే మొదటి వాక్యం రావడానికి ఎంతసేపు పడుతుందో అప్పటికి నాకు అనుభవం లేదు. ఈ రచనను 1974 వేసవి నుంచే వేదికల మీద వాయిస్తూ వచ్చారు. 1975లో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో రికార్డు చేసినప్పుడు, గంటల తరబడి శ్రమించి సిద్ధం చేసుకున్న మూలట్రాకుల మీద పొరపాటున ప్రతిధ్వని పడి చెడిపోతే మొత్తం మళ్ళీ వాయించవలసి వచ్చింది. మనం వింటున్న ఆ నిదానం వెనక ఉత్సాహం కన్నా అలసటే ఎక్కువ ఉందేమో. నిక్ మేసన్ డ్రమ్స్‌లో ఆ అలసట నాకు స్పష్టంగా వినబడుతుంది, అది ఈ పాటకు మేలే చేసింది.

ఆల్బమ్ నడుమ ఉన్న రెండు పాటల గురించి నా అభిప్రాయం వయసుతో పాటు తలకిందులైంది. ‘వెల్‌కమ్ టు ద మెషీన్’, ‘హ్యావ్ ఎ సిగార్’ రెండూ వాటర్స్ ఒక్కడి రచనలు, రెండూ సంగీత వ్యాపారం మీద ఆగ్రహాలు. కుర్రతనంలో ఆ ఆగ్రహం నా ఆగ్రహమే అనుకుని పిడికిలి బిగించి విన్నాను. ఇప్పుడు రెండోది వింటుంటే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. అప్పటికే లక్షల ప్రతులు అమ్ముడైన బృందం, తమను అమ్మేవారిని వెక్కిరిస్తూ పాట కట్టి, దాన్ని ఆ మనుషుల చేతే మళ్ళీ అమ్మించడంలో కాస్త ఆత్మజాలి వినబడుతుంది. బృందం పేరులోని ‘పింక్’ ఒక మనిషి అనుకుని మీలో అతనెవరని అడిగే పెద్దమనిషి ఆ పాటలో ఉన్నాడు. నిజజీవితంలోనూ వారిని అలా అడిగినవారు ఉన్నారట. ఆ హాస్యం ఇప్పటికీ పండుతుంది. దాని చుట్టూ ఉన్న మిగతా కోపం మాత్రం మొదటిసారి వింటేనే సరిపోయే రకం.

ఒక తప్పు ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ పాట పాడినది వాటర్సో గిల్మరో అని చాలా ఏళ్లు ధీమాగా చెప్పుకు తిరిగాను. పాడినది రాయ్ హార్పర్, అదే సమయంలో ఆబీ రోడ్‌లో తన ఆల్బమ్ రికార్డు చేసుకుంటున్న మరో గాయకుడు. వాటర్స్ గొంతు అప్పటికి బాగా అలసి ఉంది, గిల్మర్‌కు ఆ పాట పాడడం ఇష్టం లేకపోయింది, పక్కనే ఉన్న హార్పర్‌ను పిలిచారు. తర్వాత వాటర్స్ తానే పాడి ఉండవలసిందని బాధపడ్డాడు. నాకు మాత్రం ఈ ఆల్బమ్‌లో ఇంతకన్నా తగిన పని జరగలేదనిపిస్తుంది. లేని మనిషి గురించి చేసిన ఆల్బమ్‌లో, ‘మీలో అతనెవరు’ అని అడిగే పాటను బృందంలో లేని మనిషే పాడాడు.

‘వెల్‌కమ్ టు ద మెషీన్’ విషయంలో నేను ఇంకా మెత్తబడే ఉన్నాను. అందులో యంత్రంలా కొట్టుకునే ఆ సింథసైజర్ నాడిని, దాని పక్కన పన్నెండు తీగల గిటార్‌ను పెట్టి వింటే, మాటలు చెప్పే కోపం కన్నా లోతైనదేదో ఆ రెండు ధ్వనుల ఎడబాటులోనే ఉంది. మూడో రాత్రి ఆల్బమ్‌ను స్పీకర్లో పెట్టి నేను పక్క గదిలో కూర్చున్నాను. మాటలు గోడ దాటి రాలేదు, నాడి వచ్చింది, పాట చివర్లో రైట్ సింథసైజర్ పలుకులు ఆ నాడి మీదుగా జారుతూ వచ్చాయి. మాటలు లేకపోతే ఆ పాట వాదన మానేసి భయం ఒక్కటే చెబుతుంది, అది నాకు ఎక్కువ నమ్మదగినదిగా ఉంది.

నాలుగో పాట గురించి అందరూ చెప్పినదే కనుక క్లుప్తంగా ముగిస్తాను. రేడియో ముల్లు తిప్పుతున్న చప్పుడు, ఛైకోవ్‌స్కీ నాలుగో సింఫనీ ముక్క ఒకటి దూసుకుపోవడం, రేడియోలోంచి వస్తున్నట్టు సన్నగా ఒక గిటార్, దానికి తోడుగా గదిలోనే కూర్చుని ఎవరో వాయిస్తున్నట్టు దగ్గరగా మరో గిటార్, నడుమ ఒక దగ్గు. దూరంగా ఉన్న మనిషికి మన గదిలోంచి జత కలపడమనే ఒక్క ఊహతో ఆ పాట సగం గెలిచేసింది. ఆ రోజుల్లో అదే భవనంలో వయొలిన్ రికార్డింగుకు వచ్చిన స్టెఫాన్ గ్రాపెల్లీ చేత ఈ పాటలో వాయించారు కానీ, తుది రూపంలో ఆ వయొలిన్ దాదాపు వినబడకుండా పోయింది. 2011లో ఆ రూపాన్ని విడిగా విడుదల చేశారు. అది అందంగానే ఉంది, కానీ దాన్ని పక్కన పెట్టడమే మంచిదైంది. ఆ గదిలో రెండు గిటార్లకు మించి చోటు లేదు.

పాట చివర గాలి వీస్తుంది, ఆ గాలిలోంచే ‘షైన్ ఆన్’ రెండో సగం మొదలవుతుంది. నేను వాడే ఒక యాప్ ఆ రెండింటి మధ్య అరక్షణం మౌనం దూరుస్తుంది. ఆ అరక్షణంలో గాలి తెగిపోతుంది, నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఐదు పాటలనూ విడివిడిగా, వరస తప్పించి వినే అలవాటుకు ఈ ఆల్బమ్ లొంగదు. తొలుత ‘షైన్ ఆన్’ను ఒకే పొడవైన రచనగా ఒక పక్కకు కేటాయించి, అప్పటికే వేదికల మీద వాయిస్తున్న మరో రెండు పాటలను రెండో పక్కన పెట్టాలని గిల్మర్ కోరాడు. దాన్ని రెండుగా చీల్చి ఆల్బమ్‌కు రెండు కొసల్లో పెట్టాలన్నది వాటర్స్ ఆలోచన, మిగతా వారు అటే మొగ్గారు. ఈ విషయంలో వాటర్స్‌దే పైచేయి కావడం మనందరి అదృష్టం. పక్కన పెట్టిన ఆ రెండు పాటలు పేర్లు మార్చుకుని 1977 నాటి ‘యానిమల్స్’లో చేరాయి, వాటికి అదే సరైన ఇల్లు.

రెండో సగం మొదటి సగమంత గొప్పది కాదు, ఈ మాట దాచడం అనవసరం. గాలిలోంచి వచ్చే స్టీల్ గిటార్ విజృంభణ బాగుంటుంది, వాటర్స్ గొంతు మరోసారి వచ్చి పలకరించి పోతుంది, ఆ తర్వాత ఎనిమిదో భాగంలో ఒక లయ పట్టుకుని కాసేపు తిరుగుతారు. అది ఎటు పోతోందో వారికే తెలియదన్న అనుమానం నాకు ఇప్పటికీ పోలేదు. చాలాసార్లు నేను ఇక్కడే వినడం ఆపేశాను. అలా ఆపడం వల్ల ఎన్నో ఏళ్లపాటు అసలు సంగతి నా చెవిన పడనేలేదు.

తొమ్మిదో భాగం రైట్ ఒక్కడి రచన, ఆల్బమ్‌లో ఆయన పేరు ఒంటరిగా ఉన్న చోటు అదొక్కటే. లయ నెమ్మదిస్తుంది, శవయాత్ర నడకలా డ్రమ్స్ అడుగులు వేస్తాయి, కీబోర్డులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, గిటార్ దాదాపు మాట్లాడదు. ఇది విషాదంలోనే ముగుస్తుందని అనుకుంటుండగా సంగీతం జి మేజర్‌లోకి మెల్లగా తెరుచుకుంటుంది. ఆ వెలుతురులో ధ్వని తగ్గుతూ పోతుండగా, చివరి క్షణాల్లో, మినీమూగ్ ఒక చిన్న పలుకు పలుకుతుంది. అది 1967లో బారెట్ రాసి పాడిన ‘సీ ఎమిలీ ప్లే’ పాట వరస. పూర్తిగా వాయించరు, గుర్తుపట్టేలోపే శబ్దం మాయమవుతుంది.

దీన్ని చిలిపి సంకేతంగా కొట్టిపారేయవచ్చు. కానీ రైట్‌కూ బారెట్‌కూ మధ్య ఏముందో తెలిస్తే అలా కొట్టిపారేయలేం. బృందం బారెట్‌ను వదిలించుకుంటున్న 1968 తొలినాళ్లలో ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. సిగరెట్లు కొనుక్కొస్తానని బారెట్‌తో చెప్పి బయటికి వెళ్ళి, అతను లేకుండా బృందంతో కచేరీ చేసి తిరిగి ఇంటికి చేరిన రోజుల గురించి రైట్ స్వయంగా చెప్పాడు. రెండేళ్ల తర్వాత బారెట్ రెండో సొంత ఆల్బమ్‌కు గిల్మర్‌తో కలిసి నిర్మాతగా ఉన్నదీ ఆయనే. వాటర్స్ రాసిన మాటల్లో బారెట్ ఒక పురాణపురుషుడు, వజ్రం, సూర్యుడు, ద్రష్ట. తొమ్మిదో భాగంలో మాటలు లేవు, బిరుదులు లేవు. అబద్ధం చెప్పి గడప దాటిన మనిషి ఏడేళ్ల తర్వాత స్నేహితుడి పాటను అతనికే తిరిగి ఇచ్చినట్టుగా ఉంది. నేను దీన్ని అతిగా ఊహిస్తున్నానని అనేవారు అనవచ్చు, కానీ నాలుగో రాత్రి ఆ వరస విన్నాక ఇంకొకలా వినడం నా చేతిలో లేదు.

1975 జూన్‌లో, ఈ రచన పూర్తవుతున్న దశలో, బారెట్ చెప్పాపెట్టకుండా ఆబీ రోడ్‌కు వచ్చాడన్న సంగతి ప్రసిద్ధమే. బాగా లావెక్కి, తలా కనుబొమలూ గొరిగించుకుని వచ్చిన ఆ మనిషిని ఇన్నేళ్ల మిత్రులెవరూ వెంటనే గుర్తుపట్టలేకపోయారు. ఆల్బమ్ గురించి రాసేవారందరూ ఈ ఘట్టాన్ని పతాకసన్నివేశంగా వాడతారు, నాకది కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. ఒక రోగి శరీరం మారడాన్ని మన కళానుభవానికి ముడిసరుకుగా వాడుకుంటున్నామా అన్న శంక. అందుకే ఆ రోజు గదిలో ఎవరు ఏడ్చారన్న కథలకన్నా, ఆ ఆల్బమ్‌లో వినబడేదాన్ని నమ్ముకోవడం నాకు నయమనిపిస్తుంది.

వినబడేదాని సంగతే మాట్లాడుకుంటే, గిల్మర్ లేకపోతే ఈ ఆల్బమ్ ఏమయ్యేదని అడిగేవారికి నా జవాబు సూటిగానే ఉంది. ఆయన లేకపోతే ఆల్బమ్ మూగబోయేది, వాటర్స్ లేకపోతే దానికి చెప్పవలసిన సంగతి ఉండేది కాదు. ఆ రెండు లోటులూ వెంటనే తెలిసిపోతాయి కనుకే ఆ ఇద్దరి పేర్లూ మనకు గుర్తుంటాయి. రైట్ లేకపోతే వచ్చే లోటు అంత త్వరగా తెలియదు. పాటలన్నీ ఉంటాయి, వాటి మధ్య గాలి ఆడదు. ఆ లోటు ఎలా ఉంటుందో చూడాలంటే 1983లో ఆయన లేకుండా వచ్చిన ‘ద ఫైనల్ కట్’ వినాలి. మాటలకు కొరత లేని ఆల్బమ్ అది, రెండు మాటల మధ్య నిలబడడానికి చోటు మాత్రం ఉండదు.

ఆయనను బృందం ఎలా పక్కకు నెట్టిందో తలుచుకుంటే ఆల్బమ్ పేరు మరోలా వినబడుతుంది. ‘యానిమల్స్’ నాటికి రచయితల జాబితాలో రైట్ పేరు లేదు. 1979 నాటి ‘ద వాల్’ రికార్డింగుల సమయంలో వాటర్స్ ఒత్తిడితో ఆయన బృందం నుంచి వైదొలగి, తర్వాతి ప్రదర్శనల్లో జీతానికి వాయించాడు. భారీ హంగుల వల్ల ఆ ప్రదర్శనలు నష్టపోతే, నలుగురిలో డబ్బు మిగిలింది జీతగాడైన ఆయనకొక్కడికే. చాలాకాలం నేను దీన్ని నవ్వుకునే పిట్టకథగానే చెప్పాను. లేని మిత్రుణ్ణి తలుచుకుంటూ ఆల్బమ్ చేసిన నలుగురు, నాలుగేళ్లలో తమలోనే ఇంకొకణ్ణి లేనివాణ్ణి చేసుకున్నారని ఈసారి వింటున్నప్పుడు తట్టింది, ఆ పిట్టకథ మళ్ళీ చెప్పాలనిపించలేదు. బారెట్ 2006లోనూ, రైట్ 2008లోనూ కన్నుమూశారు.

నాలుగో రాత్రి ఏ నియమమూ పెట్టుకోలేదు. తొమ్మిదో భాగం చివరికి వచ్చేసరికి ఒక పని చేశాను. ధ్వని తగ్గుతున్న కొద్దీ వాల్యూమ్ పెంచుతూ పోయాను. ఆ పాత వరస మామూలుగా వినబడేదానికన్నా ఇంకొంచెం సేపు నిలిచింది, ఆ వెనక టేపు బుస, ఆపైన ఏమీ లేదు. వాల్యూమ్‌ను అలా పైనే వదిలేసి, మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. గ్లాసుల నాదం ఈసారి బాగా స్పష్టంగా వినబడింది.